అమ్మ మొక్కు, నా ట్యాంకరు

నేను పుట్టకముందే నా ఉద్యోగం ఖాయమైపోయింది. పెళ్లయిన చాలా ఏళ్లకూ పిల్లల్లేక ఏడ్చిన మా అమ్మ, బెళుగుప్ప దగ్గర మా ఊరి చిన్న చర్చిలో మోకరించి, కొడుకు పుడితే నీ సేవకే ఇచ్చేస్తానని దేవుడికి మాటిచ్చింది. సేవ అంటే ఆమె లెక్కలో తెల్ల చొక్కా, చేతిలో బైబిలు, ఆదివారం ప్రసంగం. మా వైపు పాస్టరును అయ్యగారంటారు. నాకు మీసం రాకముందే ఊరంతా, చర్చి గడప తొక్కని వాళ్లు కూడా, "ఏమప్పా చిన్న అయ్యగారూ!" అని పిలిచేవారు.

చిక్కేమిటంటే, నలుగురి ముందు నిలబడితే నాకు నోరు పెగలదు. బైబిలు స్కూలు నుంచి వచ్చాక మొదటిసారి ప్రసంగానికి లేచాను. వాక్యం చదివాను. అంతే, ఆ తర్వాత ఒక్క మాటా రాలేదు. ముందు వరసలో అమ్మ పెదాలు కదుపుతూ నా కోసం ప్రార్థన చేస్తోంది. అది చూసి ఇంకా బిగుసుకుపోయాను. చివరికి ముసలి పాస్టరుగారే లేచి పాట ఎత్తుకుని నన్ను గండం నుంచి గట్టెక్కించారు.

మళ్లీ మళ్లీ ప్రయత్నించి, ఇక లాభం లేదని ట్రాక్టరు తోలే పనికి కుదిరాను. బోర్లు ఎండిన పల్లెలకు ట్యాంకరుతో నీళ్లు తోలడం. అమ్మ నన్ను తిట్టినా బాగుండేది. "దేవునికిచ్చిన మాట తప్పినానే" అని కొంగుతో కళ్లు తుడుచుకునేది. నాకు దేవుడి మీదే కోపం వచ్చేది. నోరివ్వని వాడు నన్నెందుకు తీసుకున్నాడు? ఎందుకూ పనికిరానని నాకు నేనే తీర్మానించుకున్నాను.

ట్యాంకరు వచ్చే పల్లెల్లో ముందే బిందెలు వరసగా పెట్టి పోతారు. బిందె ఉన్న చోటే మనిషి చోటు. తెచ్చి పెట్టే దిక్కులేని ముసలివాళ్లకు వరసా లేదు, నీళ్లూ లేవు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. పైపు విప్పేముందు వాళ్ల ఇళ్లకు పోయి, బిందెలు నేనే తెచ్చి, నింపి, లోపల పెట్టి వచ్చేవాణ్ణి. వరసలోని ఆడవాళ్లు నన్ను దుమ్మెత్తిపోసేవారు. "మీ బిందెలకు కాళ్లుండాయి, వాళ్ల బిందెలకు ల్యావు!" అని నేనూ అరిచేవాణ్ణి. అక్కడ మాత్రం నా నోరు బాగానే పెగిలేది.

ఒకరోజు ఆస్పత్రికి పోవాలని అమ్మ నా ట్రాక్టరెక్కింది. దారిలో ఒక పల్లెలో ఆపాను. చూపు లేని ఒక అవ్వ చప్పుడు విని గుమ్మంలోంచి కేకేసింది.

"అయ్యగారు వచ్చినాడా? బిందె ఈడుండాది నాయనా!"

ఆమె ఏనాడూ చర్చికి వచ్చిన మనిషి కాదు. నీళ్లు పెట్టాక ఎప్పటిలాగే, "నా మోకాళ్లకు నీ దేవునితో ఒక మాట చెప్పప్పా" అంది. ఆమె తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశాను. తిరిగి చూస్తే అమ్మ వాకిట్లో నిలబడి ఉంది.

ఊరు దాటాక అమ్మ నా వైపు తిరిగింది.

"ఆవును ఇచ్చేసి, పలుపుతాడు పట్టుకోని నిలబడినా కదరా ఇన్నాళ్లు" అంది. "ఇచ్చినాక ఏ పని జేపిచ్చుకుంటాడో ఆయనిష్టం. నాదేముండాది?"

నాకు ఏడుపు ఆగలేదు. ఆ పలుపు రెండో కొస నా చేతిలోనే ఉందని అప్పుడు తెలిసింది. నన్నెలా వాడుకుంటావో వాడుకో ప్రభువా అనుకున్నాను. ప్రసంగానికి నోరివ్వమని ఇక అడగలేదు.

అమ్మ తన కొంగు నా చేతికిచ్చింది.

"కండ్లు తుడుచుకోని సక్కగా తోలు. ముందూర్లో బిందెలు కాచుకోనుంటాయి."