మా బావ సమన్యాయం

మా బావను తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అక్క మొగుడు, చర్చి సంఘంలో పెద్ద, తనకు రాని విద్య లేదని నమ్మే మనిషి. అతని వేళ్లకు ఎప్పుడూ ముక్కుపొడి అంటుకుని ఉండేది. ఆ వేళ్లతోనే అన్నీ కెలికేవాడు.

అరవైల మొదట్లో విడవలూరు పక్కన మా ఊళ్లో, సముద్రపు ఒడ్డున ఏటా చర్చివాళ్ల ఉపవాస ప్రార్థన కూటాలు జరిగేవి. ఆ ఏడు మైకు నేనే పెడతానన్నాను. కారు బ్యాటరీ మీద నడిచే ఆంప్లిఫయరు సొంతంగా కట్టాను. నాన్న ఒక్కటే మాట అన్నాడు. "ఇది మోగిందా, నీ రేడియో పని నువ్వు చేసుకో. మోగలేదా, గమ్మున మడికాడికి రా." మడిలో దిగడమంటే నాకు ప్రాణం మీదికి వచ్చేది.

ఆ ఆంప్లిఫయరులో చివరి రెండు వాల్వులు, అంటే శబ్దాన్ని పెంచే గాజు బుడ్లు, రంపం లాగే ఇద్దరిలా పనిచేయాలి. ఒకటి లాగితే రెండోది వదలాలి. మైకు నుంచి వచ్చే సిగ్నల్ ఒక్కటే కాబట్టి, దాన్ని తిరగేసిన జోడీ కూడా కావాలి. అందుకని ముందు ఇంకో వాల్వుల జంట పెట్టాను. ఒకదాని గ్రిడ్డుకు, అంటే వాల్వులో సిగ్నల్ అందుకునే కొసకు, సిగ్నల్ ఇచ్చి, రెండోదాని గ్రిడ్డును కండెన్సరు గుండా ఎర్తుకు కట్టాను. ఆ జంట రెండు గ్రిడ్ల మధ్య తేడానే పెంచుతుంది. సిగ్నల్ ఒక వైపు తిరగబడి, మరో వైపు నేరుగా వస్తుంది. ఇంట్లో చూసుకుంటే హారన్ స్పీకరు ఖంగుమని పలికింది.

కూటాల పొద్దున నేను బ్యాటరీ తేవడానికి వెళ్లాను. తెచ్చి స్విచ్చి వేస్తే, వాల్వులు వేడెక్కినా హారన్లో ఈగ చప్పుడు కూడా లేదు. పాస్టరుగారు మైకు ముందు నోరు తెరిచి నిలబడ్డారు. జనం నవ్వారు. నాన్న తల దించుకున్నాడు.

పెట్టె తిరగేసి చూశాను. ఎర్తు తీగ తెంచేసి, రెండు గ్రిడ్లనూ కలిపి మెలేశారు. మెలిక మీద ముక్కుపొడి.

"నేనే కలిపినా," అన్నాడు బావ. "ఒకదానికి పెట్టి ఇంకోదాన్ని మట్టికి కట్టేస్తే ఎట్టరా? ఇద్దరికీ సమానంగా పెట్టాల. శబ్దం రెట్టింపు వస్తాది."

సమానంగా పెడితే పెంచడానికి తేడా ఎక్కడుంటుంది? చెప్పినా ఎక్కదు. మెలిక విప్పి తీగను మళ్లీ ఎర్తుకు చుట్టాను. హారన్ మోగింది. నేను మూత బిగిస్తుండగానే బావ మైకు అందుకున్నాడు.

"దేవునికి స్తోత్రం! పొద్దున నేను చెయ్యి పెట్టబట్టి ఈ పెట్టెకు ప్రాణమొచ్చింది."

జనం హల్లెలూయా అన్నారు. నేను కట్టిన హారన్లోంచే ఆ అబద్ధం ఊరంతా వినిపించింది.

నాన్న నా భుజం తట్టాడు. "మోగింది గదా, రేడియో పనే చేసుకో. ఇకమీదట మాత్రం ఏదైనా బావనడిగి చెయ్యి."