నిండు బిందె ఫోటో

వినుకొండ అవతల ఒక పల్లెలో సచివాలయం ఉద్యోగం నాది. కుళాయికి నీళ్ళు రావట్లేదని మాణిక్యమ్మ పిన్ని అర్జీ పెట్టింది. పొద్దున పైనుంచి ఫోనొచ్చింది, సాయంత్రానికల్లా అర్జీ మూసెయ్యాలి, నిండు బిందెతో ఆమె ఫోటో పంపమని.

పొలం బోరు నుంచి ఆమె మోసుకొచ్చిన బిందెనే కుళాయి కింద పెట్టించాను. పిన్ని ఉతికిన చీర కట్టుకొని వచ్చి నిలబడింది.

"ఏందబ్బాయ్, ఈ ఫోటో చూస్తే నీళ్ళొదుల్తారా?"

"వదుల్తారు పిన్నీ."

'సమస్య పరిష్కారమైంది' అని ఫోటోతో పంపేశాను. మా ఆఫీసులో ఇంత తొందరగా తీరిన సమస్య ఇంకోటి లేదు.

బయల్దేరబోతుంటే, ఎండన పడొచ్చావంటూ ఆ బిందెలోవే ఒక గ్లాసు ముంచిచ్చింది.

తాగాను. మీరైతే ఏం చేసేవాళ్ళు?