కోళ్ళ షెడ్డులో పడవ

మా అన్న నగరంలోని ఒక పడవల క్లబ్బులో మరమ్మతు పని చేసేవాడు. చిన్న చిన్న తెరచాప పడవలకు పగుళ్ళు పూడ్చడం, తాళ్ళు మార్చడం, చుక్కానులు బిగించడం అతని ఉద్యోగం. క్లబ్బు వాళ్ళు పాతబడిన ఫైబర్ పడవ ఒకదాన్ని తీసేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడు. అల్వాల్‌లో వాళ్ళది ఇరుకు ఇల్లు. అందుకని పడవ షామీర్‌పేట దగ్గరి అలియాబాద్‌కు, మా ఇంటి వెనక కోళ్ళ షెడ్డులోకి వచ్చింది. మా ఆయన పోయాక నేను కోళ్ళ పని మానేశాను. షెడ్డు ఖాళీగానే ఉండేది.

"రిటైరైనంక మంచిగ చేసుకుంట చెల్లె. షామీర్‌పేట చెరువుల ఏస్త," అని దాన్ని పాత టైర్ల మీద బోర్లించి వెళ్ళాడు.

రిటైరయ్యేసరికే మతిమరుపు మొదలైంది. ఒకరోజు పాల ప్యాకెట్టు కోసం వెళ్ళినవాడు ఎంతకీ ఇంటికి రాలేదు. వదిన వెతుక్కుంటూ వెళితే అల్వాల్ స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని ఉన్నాడట. డ్యూటీకి టైమైంది, రైలు రాలేదు అన్నాడట. ఇది నయమయ్యేది కాదు, మెల్లమెల్లగా పెరిగేదే అని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి ఫోనులో చెప్పేటప్పుడు వదిన ఏడవలేదు. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పి పెట్టేసింది.

ఆ వానాకాలం ఒక పొద్దున ఆమె అన్నను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"గా పడవ పనేదన్న చేయనియ్యి మీ అన్నతోని. ఇంట్ల ఉంటే గేటు పట్టుకోనే నిలవడ్తుండు. నాకు కన్ను మూసే సందు లేదు," అంది.

అన్న షెడ్డులోకి వెళ్ళాడు. పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు. జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి దాని అడుగుభాగం మీద కొడుతూ, అక్కడే చెవి పెట్టి విన్నాడు. ఒకచోట చప్పుడు టకటకమని గట్టిగా వచ్చింది. ఇంకోచోట బొదబొదమంది.

"గిది ఇడిసిపెట్టింది, చూడు. లోపల పొరల నడ్మ నీళ్ళు చేరినయ్," అన్నాడు. చాలా రోజుల తర్వాత అతని గొంతు పాత గొంతులా వినిపించింది. వెనక్కి తిరిగి చూస్తే వదిన వరండాలో మంచం మీద అప్పటికే నిద్రపోయింది. చెప్పులు కూడా విప్పుకోలేదు.

అలా మొదలైంది. రెండు రోజులకొకసారి వదిన అతన్ని తీసుకొచ్చేది. హైవే పక్కన ఫైబర్ తలుపులు, నీళ్ళ తొట్లు చేసే ఒకతను ఉన్నాడు. మా కోళ్ళకు నీళ్ళ తొట్లు చేసిచ్చింది అతనే. అడగ్గానే రెసిన్ జిగురు, ఫైబర్ మ్యాట్ పట్టుకుని వచ్చాడు. అన్న అతన్ని భాయ్ అనేవాడు. చెడిపోయిన చోట్లు కోసేసి, లోపలి నీళ్ళు కారిపోయేదాకా ఎండనిచ్చి, మ్యాట్ ముక్కలు పరిచి రెసిన్ పూసేవాళ్ళు. నాకు గరుకు కాగితంతో నీళ్ళు పోస్తూ రుద్దడం అన్నే నేర్పాడు. రెసిన్ వాసనకు కళ్ళు మండేవి. అన్న మాత్రం ఆ వాసన పీల్చి, ఇంటికి వచ్చినవాడిలా కుదుటపడేవాడు.

దసరా దాటాక తేడా కనిపించింది. ముందు భాగంలో ఎడమవైపు ఒక చోటు ఉంది. వచ్చిన ప్రతిసారీ అన్న నేరుగా అక్కడికే పోయి రుద్దడం మొదలుపెట్టేవాడు. మొన్న రుద్దిన సంగతి అతనికి గుర్తుండేది కాదు. "అయ్యింది కదనే, అక్కడ చేసినవ్ కద," అంటే చేత్తో తడిమి చూసి, "ఏడ అయ్యింది? గరుకున్నది ఇంకా," అనేవాడు.

ఒకరోజు భాయ్ పడవ కిందికి దూరి నన్ను పిలిచాడు.

"అక్కా, గీడ సూడు. మస్తు పల్సగైంది. వెలుతురు కనబడ్తాంది."

షెడ్డు రేకుల సందులోంచి పడే ఎండ పడవ గోడలోంచి ఎర్రగా లోపలికి వస్తోంది. భాయ్ అక్కడ రెండు పొరలు కొత్తగా వేసి వెళ్ళాడు. మళ్ళీ వచ్చిన రోజే అన్న వాటిని అరగదీయడం మొదలుపెట్టాడు.

సుద్దముక్కతో గుర్తు పెట్టాను. తుడిచేశాడు. మూలన పడివున్న చెక్క పలక ఒకటి ఇచ్చి దీన్ని రుద్దమన్నాను. కాసేపు దాన్ని తిప్పి చూసి, "గిది కట్టె కదనే," అని నవ్వి పక్కన పెట్టాడు.

"ఏం జేద్దాం భాయ్?" అని అడిగాను. అతను చేతులు కిరసనాయిలుతో తుడుచుకున్నాడు.

"చెయ్యనియ్యి అక్కా. నేను ఐతారం వచ్చి ఏసిపోత. అన్న రుద్దుకుంటడు. మనకేం జల్దీ ఉన్నది?"

నిజమే, తొందరేముంది. అన్న చేయి పడుతున్నంతకాలం ఆ పడవ పూర్తి కాదు. పూర్తయితే అన్నకు చేయడానికి ఏమీ మిగలదు. ఆ చలికాలమంతా ఆదివారం భాయ్ పొర వేయడం, వారమంతా అన్న దాన్ని అరగదీయడం. వదిన వరండాలో నిద్రపోవడం. ఆ రోజులు అలాగే సాగాలని కోరుకున్నాను.

ఎండలు ముదిరాక ఒక ఉదయం అన్నకు ఎప్పటిలాగే గరుకు కాగితం చేతికిచ్చాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, మడిచి, బస్సు టిక్కెట్టులా తిరిగి నా చేతిలో పెట్టాడు. తర్వాత వెళ్ళి షెడ్డు గడప మీద కూర్చున్నాడు. ఆ తర్వాత ఎన్నడూ పడవ మీద చేయి వేయలేదు.

పని చకచకా సాగిపోయింది. ఎడమవైపు పొర నిలిచింది. భాయ్ తెల్లరంగు కొట్టాడు. మేడ్చల్‌లో టెంట్లు కుట్టే దర్జీ దగ్గర తెరచాప చినుగులు కుట్టించాను. అది అంత తొందరగా తయారవుతుంటే నేను మధ్యమధ్య పని ఆపి గడప వైపు చూసేదాన్ని. ఒకరోజు భాయ్ కూడా బ్రష్షు చేతిలో పట్టుకుని, గడప మీది అన్నవైపు చూస్తూ అలాగే నిలబడిపోయాడు.

వానలు పడి చెరువు నిండాక ట్రాలీ ఆటోలో తీసుకెళ్ళాం. చేపలు పట్టేవాళ్ళు ఇద్దరు పడవను నీళ్ళలోకి దించారు. తేలింది. ఎక్కడా చుక్క నీరు రాలేదు.

"రాండి, ఎక్కుండ్రి," అని వదిన అన్న చెయ్యి పట్టుకుంది. అతను వెనక్కి గుంజుకున్నాడు.

"నీళ్ళు లోతున్నయ్. నాకు బయమైతది," అన్నాడు.

ఉద్యోగమంతా నీళ్ళ మీదే బతికినవాడు ఆ మాట అన్నాడు. వదిన నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగి ఏడుపయింది. డాక్టరు మాట చెప్పిననాడు రానిది అప్పుడు వచ్చింది. ఆమెను నీళ్ళ పక్క రాయి మీద కూర్చోబెట్టాను. అన్న ఆమె పక్కన కూర్చుని, ఎందుకో తెలియకుండానే వీపు నిమిరాడు.

"ఎవలది గా పడవ?" అని నన్ను అడిగాడు.

"నీదే అన్నా."

"మంచిగ చేసిండ్రు," అన్నాడు.

గాలి ఉంది కానీ తెరచాప ఎత్తడం మాలో ఎవరికీ రాదు. చేపలవాళ్ళు తెడ్లతో కొంతదూరం పోయి తిప్పుకొచ్చారు. భాయ్ పడవను ఒడ్డుకు లాగి కట్టాడు.

అన్న తర్వాతి ఎండాకాలం పోయాడు. పడవను ఆ చేపలవాళ్ళకే ఇచ్చేశాం. తెరచాప కొయ్య తీసేసి, వలలు వేసుకోవడానికి వాడుతున్నారు. వదినతో అల్వాల్ నుంచి కరీంనగర్ బస్సులో మా ఇంటికి వచ్చేటప్పుడు చెరువు దగ్గర పడగానే ఆమె ముఖం రెండోవైపు తిప్పుకుంటుంది. నేను మాత్రం చూస్తాను. కొన్నిసార్లు నీళ్ళ మధ్య తెల్లగా కనిపిస్తుంది, కొన్నిసార్లు కనిపించదు. కనిపించిందో లేదో వదిన అడగదు, నేనూ చెప్పను.