సీటు పట్టుకున్న చెయ్యి

నా చిన్నప్పుడు మేము కువైట్‌లో ఉండేవాళ్లం, ఫింటాస్‌లో, సముద్రం కనిపించే మూడో అంతస్తులో. ఇరాక్ సైన్యం వచ్చిపడ్డ ఆ ఎండాకాలంలో ఏం జరుగుతోందో నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! నాన్న కారు చక్రాలు ఊడదీసి తెచ్చి నా మంచం కింద దోపాడు. చక్రాల్లేని కారును సైనికులు పట్టుకుపోరట. రాత్రంతా టైర్ల వాసనే. ఎందుకని అడిగితే "నీకెందుకే, పడుకో" అనేవాళ్లు. అడిగి అడిగి విసుగొచ్చి అసలు నోరు విప్పడమే మానేశాను.

నాన్న ఇంజనీరు. ఆఫీసు మూతపడ్డాక రేడియో ముందు కూలబడ్డాడు, ఇక లేస్తేగా! ఆయనకు సుగర్. మాత్రలు అడుగంటుతున్నాయి, బయట దొరకడం లేదు. అమ్మ రోజూ పొద్దున్నే గాజు గొట్టంలో నీలం మందు పోసి పొయ్యి మీద కాచేది. అందులో కలిపేది నాన్న ఉచ్చ అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, ఛీ! అది ఇటుక రంగుకు తిరిగితే సుగర్ బాగా ఎక్కువని లెక్క, అమ్మ మొహం మాడిపోయేది.

పక్కింట్లో ఒక నర్సక్క ఉండేది. "ఇలా కూర్చుంటే ఆ కాస్త మందూ పనిచెయ్యదు వదినా. అన్నయ్యకి రోజూ చెమట పట్టాలి. ఇప్పుడు పడిపోతే ఆస్పత్రికి కూడా తీసుకెళ్లలేం" అంది. అమ్మ బతిమాలింది, అరిచింది. నాన్న కదల్లేదు.

మర్నాడు అమ్మ నన్ను వంటింట్లోకి లాగి తలుపు మూసింది.

"నీకు సైకిలు తొక్కడం రాదు. తెలిసిందా?"

"అదేంటమ్మా, నేను చేతులొదిలేసి తొక్కుతాను కదా!"

"రాదంటే రాదు. మీ నాన్న నేర్పిస్తారు. ఆయన ఒంటికి మంచిది. ఆయనతో మాత్రం అనకు."

నాకు తల తిరిగిపోయింది. నేను సైకిలు నేర్చుకుంటే నాన్న సుగర్ ఎలా తగ్గుతుంది? పైగా వచ్చిన విద్యను రానట్టు నటించడం అంత సులువేం కాదు. ఒళ్లు దానంతటదే నిలదొక్కుకుంటుంది. పనిగట్టుకుని హ్యాండిలు వంకర తిప్పి స్తంభానికి గుద్దుకునేదాన్ని. మా బిల్డింగు కింద కార్లు పెట్టే నేలమాళిగలో రోజూ పొద్దున్నే ఇదే తంతు. నాన్న లుంగీ ఎగ్గట్టి, సీటు పట్టుకుని, రొప్పుతూ నా వెనక పరిగెత్తేవాడు. నేను పడితే కోప్పడేవాడు కాదు, పడీపడీ నవ్వేవాడు. అదీ అర్థం కాలేదు. కొన్నాళ్లకు "ఇలా తొక్కాలే మొద్దూ" అంటూ తనే ఎక్కాడు. మోకాళ్లు హ్యాండిలుకు తగులుతుంటే స్తంభాల చుట్టూ తిరిగేవాడు. చూపించడానికని ఎక్కినవాడు దిగితేగా! "నా వంతు, నా వంతు" అని నేను వెంటపడేదాన్ని. ఆకలేస్తోందని నాన్న తనంతట తనే అన్నం అడిగిన రోజు అమ్మ కళ్లు తుడుచుకుంది. గొట్టంలో రంగు ఆకుపచ్చకు దిగింది.

కువైట్ వదిలి వెళ్లే రోజు వచ్చింది. జోర్డాన్ వైపు పోయే బస్సులో సైకిలుకు చోటు లేదన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆఖరిసారి ఎక్కి నేలమాళిగంతా రివ్వున చుట్టి, చేతులు రెండూ వదిలేశాను. ఎదురుగా నాన్న! గబుక్కున హ్యాండిలు పట్టుకున్నాను.

నాన్న నవ్వాడు. "తెలుసులేవే. ఇదివరకు రోజూ సాయంత్రం నువ్వు కింద తొక్కుతుంటే బాల్కనీలోంచి చూసేవాణ్ని కానూ? ఇక్కడికొస్తే ఎంత ముచ్చటగా పడేదానివో!"

"మరి ఎందుకు పరిగెత్తారు?"

"సైన్యం వచ్చినప్పట్నుంచీ పిల్ల మూగదైపోయింది, మీరు వెంట ఉంటే మాట వస్తుందని మీ అమ్మ ఏడ్చింది."

"నాకు మీ సుగర్ కోసమని చెప్పింది!"

ఇద్దరం ఒక్కసారే అమ్మ వైపు తిరిగాం. ఆవిడ మూట ముడి వేస్తూ తలెత్తకుండా అంది, "ఇద్దరికీ నయమైందా లేదా? పదండి, బస్సు వెళ్లిపోతుంది."

నాన్న ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు, రోజూ సైకిలు తొక్కుతూనే. నేనూ మానలేదు. తన కోసం కదలని మనిషి ఇంకొకరి కోసం పరిగెత్తుతాడని ఆ రోజు తెలిసింది. పోయినేడు మా ఆయనకు సుగర్ వచ్చింది. టీవీ ముందు నుంచి లేవడు. నేను సైకిలు బయటికి తీసి, "ఏమండీ, ఈ మధ్య నాకు పట్టు తప్పుతోంది, కాస్త సీటు పట్టుకోరూ" అన్నాను. ఆయన చెప్పులేసుకుని వచ్చాడు. నమ్మి వచ్చాడో, నమ్మినట్టు నటిస్తున్నాడో నాకు ఇప్పటికీ తెలీదు.