గేటు పక్క రాయి, ఒందెలగ

గేటు నుంచి గడప దాకా మా ఇంటి ముందు పరిచిన కడప బండలు నా మొగుడు వేసినవి. బిల్డింగు పనుల్లో మిగిలిన ముక్కల్ని ఒక్కొక్కటే మోసుకొచ్చి, సిమెంటు లేకుండా మట్టిలో కూర్చోబెట్టినాడు. గేటు పక్క రాయి మాత్రం కుదురుగా కూర్చోలేదు. కాలు పడితే దడక్ అంటాది. సరిచేయమని ఎన్నిసార్లు తిట్టినా చేయలేదు. సాయంత్రం ఆ చప్పుడు వినబడంగానే నేను కాఫీకి నీళ్లు పెట్టేదాన్ని.

ఆయప్ప పోయినాడు. రాయి మాత్రం పొద్దు వాలే వేళకి ఇంకా మోగుతాది. లేచి చూస్తే ఎవరూ ఉండరు. నాకు దయ్యాల నమ్మకం లేదు. సగం కట్టిన, తలుపుల్లేని ఇండ్లలో పడుకుని బతికినదాన్ని. అయినా మోగుతాది. "గాలిలేమ్మా" అంటాది నా కూతురు.

పోయిన వానాకాలం ఆ రాయి మీదనే ఆమె పాలగిన్నెతో తూలిపడి మోకాలు చెక్కుకుంది. "సందుల్లో ఏదన్నా నాటుదాం. బురదా పోతాది, రాయీ ఆగుతాది" అని నన్ను హోసూరు రోడ్డు నర్సరీకి లాక్కపోయింది.

అరవై దాటినాక అక్షరాలు నేర్చినదాన్ని, కనబడిన చీటీ అంతా చదువుతా. ఒక తొట్టి మీద గరిక అని ఉండాది.

"బతుకంతా కూలికి పోయి పీకినదాన్ని, దీన్ని దుడ్డిచ్చి కొనాల్నా అప్పా?"

నర్సరీ ఆయన నవ్వినాడు. "అయితే మాండో గడ్డి వేయండజ్జీ. పొట్టిగా, ఒత్తుగా పెరుగుతాది. వేరు పట్టిందంటే రాయి మళ్లా కదిలేదే లేదు."

కూతురు సంచి తెరిచింది. నేను దాని మూతి మూసినా.

"అది వద్దు. ఒందెలగ ఇయ్యి" అన్నా. మనం సరస్వతి ఆకు అంటామే, నేల మీద పాకేది, అదే.

"ఎక్కువ తొక్కితే ఓర్చుకోదజ్జీ."

"నడిచేది ఇద్దరమే" అన్నా. ఇద్దరేనా అని వెనకనుంచి ఎవరో అడిగినట్టయింది.

"ఇదీ గణుపు గణుపుకీ వేరు దించుతాది."

"దించనీలే. కోసుకుని తింటాం."

వానలకి సందులన్నీ పచ్చగా కమ్ముకున్నాయి. రాళ్లన్నీ గట్టిపడినాయి, గేటు పక్కది తప్ప. అక్కడ తీగ రాయి కిందికి దూరకముందే వేరుతో లాగి చట్నీ నూరతా. పాలు కూడా ఇప్పుడు నేనే తెస్తా. ఆ రాయిని ఎక్కడ తొక్కాలో నాకు తెలుసు.

"ఆ రాయి చుట్టూనే ఎందుకమ్మా పీకుతావు?"

"అక్కడే లేతగా ఉండాది."

నా మొగం చూసింది. నా చేతిలో ఆకు తీసుకుని కడగబోయింది.

మొన్న సాయంత్రం ఇద్దరం వంటింట్లో ఉండాము. దడక్ అంది. నేను కత్తిపీట మీదనుంచి తలెత్తలేదు. ఆమె కిటికీలోంచి చాలాసేపు చూసింది. గేటు గొళ్లెం పెట్టే ఉండాది. "గాలిలేమ్మా" అనలేదు. గిన్నె కడిగి, కాఫీకి నీళ్లు పెట్టింది.