కాళ్ళున్న అక్షరాలు

రోజూ పొద్దున్నే ప్రెస్సు తాళం తీయగానే వదిన అక్షరాల గళ్ళపెట్టెలోంచి ఏదో ఒక సీసపు అక్షరం తీసి, దాని మొహం మీద బొటనవేలు రాసి, స్వామీ, ఇవాళ తప్పు దొర్లనీయకు అనుకునేది. ప్రెస్సు ఆవిడ మరిదిది, అక్షరాలు కూర్చేది ఆవిడ. మరిది పిలుపే అందరికీ అలవాటై, ఆ వీధికంతా ఆవిడ వదినే.

ఆవిడ ప్రాణమంతా ఒక్క పాత టైపు మీదే. గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం, ప్రతి గీత చివరా చిన్న పాదం. దాన్ని అచ్చువాళ్ళు సెరిఫ్ అంటారు, ఆవిడ కాళ్ళు అనేది. ఆ కాళ్ళు పక్కపక్కన ఆనుకుని నిలబడితే చూపు వరస తప్పదు, ఎంతసేపు చదివినా కళ్ళు లాగవు. గోడమీంచి కేకలెయ్యడానికి పనికిరాదుగానీ, పక్కన కూర్చుని చెప్పడానికి దాన్ని మించింది లేదనేది. ఆవిడ సొంత అన్నకు పక్క వీధిలో వేరే ప్రెస్సుంది. ఆయన మాత్రం, చెప్పులేసుకున్న అక్షరాలని వెక్కిరించి, తన దగ్గరున్న అదే టైపును అటకెక్కించాడు. ఆ మాటతోనే ఇద్దరికీ మాటలు పోయాయి.

ఆ ఏడు ప్రార్థనా మందిరం వాళ్ళు, చూపు మందగించిన ముసలివాళ్ళ కోసం ప్రార్థనల పుస్తకం వేయమన్నారు. సగం అచ్చయ్యాక వదిన టైపంతా కిరోసిన్‌తో కడిగింది. ఆరబోసే పళ్ళేన్ని, కాగితాలు మోసుకెళ్ళడానికి తిప్పలు పడుతున్న, ప్రెస్సులో బైండింగు చేసే చెల్లెమ్మకు ఇచ్చేసింది. ఒక్క రాత్రే కదా అని అక్షరాల్ని తలుపు పక్క డబ్బాలో పోసింది. అరిగిన అక్షరాలు పడేసే డబ్బా అది. పోతపనివాడు అప్పుడప్పుడు వచ్చి, కరిగించడానికి పట్టుకుపోతాడు.

మర్నాడు మందిరంలో ప్రూఫులు ఇచ్చి ఆలస్యంగా వచ్చేసరికి డబ్బా ఖాళీ.

చెల్లెమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది. "నీకసలే నడుం నొప్పి కదా వదినా, పోతపనివాడొస్తే నేనే ఎత్తి బండిలో పెట్టేశాను."

వదిన పై ప్రాణాలు పైనే పోయాయి. తిడదామన్నా ఎవర్ని తిట్టేది? డబ్బాలో పోసింది తను, బరువెత్తింది ఆ పిల్ల మంచితనం. చెప్పులైనా వేసుకోకుండా పోతవాడి కొట్టుకు పరుగెత్తింది. అప్పటికే మూకుట్లో సీసం అద్దంలా తళతళలాడుతోంది. ఆ టైపు మూసలు ఇప్పుడు తన దగ్గర లేవని చెప్పి, అతనూ నొచ్చుకుని, పీట వేసి మంచినీళ్ళిచ్చాడు. గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ఆ మెరుపులోకి చూస్తూ కూర్చుంది. ముఫ్ఫై ఏళ్ళ చేతి స్నేహం ఒక్క ముద్దయిపోయింది.

మిగతాది వేరే టైపులో లాగించేద్దాం, ఎవరు చూడొచ్చారన్నాడు మరిది. ముసలి కళ్ళు సగం దారిలో తడబడతాయయ్యా అని, ఆవిడ పక్క వీధికి నడిచింది.

అన్నగారు గుమ్మంలోనే ఆపి, ఏమ్మా, దారి తప్పావా అన్నాడు. జరిగింది విన్నాక పక్కకు జరిగి లోపలికి దారిచ్చాడు.

"అన్నయ్యా, మిగతా సగం నీ అటక మీది టైపుతో ఇక్కడే వెయ్యనివ్వు. కూర్పు నేనొచ్చి చేస్తాను. పుస్తకం మీద పేరు మీ ప్రెస్సుదే పెట్టుకో."