అలివేలమ్మ స్కూటరు

చెన్నై వాషర్‌మెన్‌పేటలో ఒక సందుకు శుక్రవారం వచ్చిందని అలివేలమ్మ స్కూటరు చూస్తే తెలుస్తుంది. కొంగు నడుముకు దోపుకుని, నీలం స్కూటరును తడిగుడ్డతో తుడిచి, హెడ్‌లైటుకు పసుపూ కుంకుమా పెట్టి, ముందు చక్రం కింద ఒక నిమ్మకాయ ఉంచుతుంది. ఆమెకు బండి నడపడం రాదు. ఇంటి ఆడమనిషి పేరున కొంటే కలిసొస్తుందని కొడుకు ఆమె పేరునే రిజిస్టరు చేయించాడు. పూజయ్యాక తాళంచెవి మనవడు లోకేష్ చేతిలో పెట్టేది. ఇంకా పదిహేడు నిండని ఆ పిల్లవాడు నిమ్మకాయను తొక్కించుకుంటూ వెళ్తుంటే చూసి మురిసిపోయేది.

ఆ లోకేషే మొన్న తమిళుల ఆడిమాసంలో తాగి, స్కూటరుతో కొబ్బరిబొండాల బండిని గుద్ది, అమ్మే మనిషి కాలు విరగ్గొట్టాడు. వాడి కేసు జువెనైల్ బోర్డుకు పోయింది. స్కూటరు సొంతదారుగా కోర్టులో అలివేలమ్మ నిలబడాల్సి వచ్చింది. "నాకు తెలీకుండా తీసుకుపోయినాడని చెప్పు అవ్వా, బయటపడతావు" అని లాయరు ముందే నేర్పాడు. జడ్జి అడిగినప్పుడు ఆమె కొంగు సర్దుకుంది. "తాళం నేనే ఇచ్చినాను సార్. పూజ చేసి మరీ ఇచ్చినాను" అంది. జరిమానా వేసి, శిక్షగా సాయంత్రం కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోవాలన్నారు. కూర్చుంది. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దయింది. ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లోకేష్‌కు లైసెన్సు రాదు. శుక్రవారం పూజ మాత్రం ఆమె మానలేదు. తాళంచెవి ఇప్పుడు ఆమె రొంటినే ఉంటుంది. వారం తిరిగేసరికి చక్రం కింద నిమ్మకాయ నలగకుండానే ఎండిపోయి ఉంటుంది. దాన్ని తీసేసి, అక్కడే ఇంకోటి పెడుతుంది.